వైద్యపత్రికల పఠనంలో ట్యాబ్ యాప్‌లు – తెలుగు సూచికల ఆవశ్యకత: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నేపథ్యంలో ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

వైద్య పరిశోధన పత్రికల్లో వెలువడే వ్యాసాలను ట్యాబ్‌లో చదవడానికి, దాచుకోవడానికి, వర్గీకరించుకోవడానికి తోడ్పడే యాప్‌లు పదిహేనేళ్ళుగా వాడుకలో ఉన్నాయి. వ్యాసాన్ని భద్రపరచడంలో ఇవి సమర్థమైనవే. అయితే దాచిన వ్యాసాన్ని ఏ పేరు కింద ఉంచాలి, ఏ మాటతో తిరిగి వెతకాలి అనే ప్రశ్నకు అవి సిద్ధంగా ఇచ్చే సమాధానం ఆంగ్ల పరిభాషకే పరిమితం. రోగి తన ప్రాంతపు తెలుగులో, తన వృత్తి పలుకుబడిలో బాధ చెప్పుకొనే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి చోట్ల ఈ పరిమితి ప్రభావం రోగనిర్ణయం దాకా వెళ్ళగలదు. ఈ యాప్‌ల పఠన, వర్గీకరణ, అన్వేషణ పద్ధతులను తెలుగు వ్యాఖ్యాన సంప్రదాయం, గ్రంథాలయ శాస్త్రం, వ్యాకరణం ఆధారంగా పరిశీలించి, తెలుగు సూచికల ఆవశ్యకతను నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: వైద్యపత్రికలు, ట్యాబ్ యాప్‌లు, సూచిక, వ్యాఖ్య, వృత్తిపదాలు, ఔపవిభక్తికాలు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల.

1. ఉపోద్ఘాతం

సాహిత్య విమర్శకు పాఠం ఎంత ముఖ్యమో, ఆ పాఠాన్ని చదివే పద్ధతి అంత ముఖ్యం. తాటాకు ప్రతిని చదివిన పద్ధతి వేరు, అచ్చు పుస్తకాన్ని చదివిన పద్ధతి వేరు. సాధనం మారినప్పుడల్లా పాఠకుడి శ్రద్ధ, జ్ఞాపకం, వ్యాఖ్యానించే తీరు మారుతూ వచ్చాయి. 2010లో ఐప్యాడ్ మార్కెట్‌లోకి వచ్చాక వైద్యపత్రికల పఠనంలోనూ ఇటువంటి మార్పే వచ్చింది. అచ్చు సంచికల దొంతర స్థానంలో పీడీఎఫ్ ప్రతులు, పెన్సిల్ గీతల స్థానంలో తెరమీది రంగు గీతలు, అట్టపెట్టెల స్థానంలో ఫోల్డర్లు వచ్చాయి.

ఈ మార్పును సాంకేతిక సౌకర్యంగా వర్ణించిన రచనలు ఉన్నాయి. భాషాపరమైన సమస్యగా దీన్ని పరిశీలించవలసిన అవసరం తెలుగు పరిశోధనకు ఉంది. వైద్యుడు చదివేది ఆంగ్ల వ్యాసం. ఆ చదువు ఉపయోగపడవలసింది తెలుగు మాట్లాడే రోగికి. ఈ రెండింటి మధ్య దూరాన్ని యాప్ తగ్గిస్తున్నదా, పెంచుతున్నదా అనేది ఇక్కడి ప్రధాన ప్రశ్న.

2. స్థలనేపథ్యం: మూడు పట్టణాలు

పూర్వపు కరీంనగర్ జిల్లా నుండి 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. జగిత్యాల ప్రభుత్వ వైద్య కళాశాల 150 ఎం.బి.బి.ఎస్. సీట్లతో 2022లో, సిరిసిల్ల ప్రభుత్వ వైద్య కళాశాల 100 సీట్లతో 2023లో ప్రారంభమయ్యాయి. జగిత్యాల జిల్లాలోని కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. ఒక తరం కిందట పరిశోధన పత్రిక కావాలంటే హైదరాబాదుకో వరంగల్లుకో వెళ్ళవలసి వచ్చిన ప్రాంతంలో ఇప్పుడు పత్రికా పఠనం చదువులో భాగమైంది.

పత్రికల లభ్యత కూడా మారింది. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించిన ‘ఒక దేశం – ఒక చందా’ పథకం 2025 జనవరి నుండి అమలులోకి వచ్చింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందించడం దీని లక్ష్యం. ప్రైవేటు క్లినిక్ నడుపుకొనే వైద్యుడు ఈ పథకం పరిధిలోకి రాడు. ఆయనకు ఉచితంగా దొరికే పత్రికలే ఆధారం. ఏమైనా వ్యాసం దొరకడం అనే పాత సమస్య ఒక మేరకు తగ్గి, దొరికిన వ్యాసాన్ని ఎలా చదవాలి, ఎలా అమర్చుకోవాలి అనే కొత్త సమస్య ముందుకు వచ్చింది.

ఈ మూడు పట్టణాల రోగుల్లో వృత్తి ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. జగిత్యాల, కోరుట్ల ప్రాంతంలోనూ సిరిసిల్లలోనూ ఎందరో స్త్రీలు బీడీలు చుడతారు. సిరిసిల్ల మరమగ్గాల పట్టణం. అక్కడివారు మరమగ్గాన్ని ‘సాంచ’ అంటారు. సాంచాలు నడిపేవారు, వార్పిన్ పనివారు, వైపనివారు వేర్వేరు శ్రామికులు. గల్ఫ్ దేశాలకు వలసపోయి తిరిగివచ్చినవారు రెండు జిల్లాల్లోనూ ఎక్కువే. పని మారితే పీల్చే దుమ్ము, కూర్చునే భంగిమ, బాధను చెప్పే మాట కూడా మారతాయి.

3. యాప్‌ల పుట్టుక, స్వభావం

వ్యాసాల సేకరణకు వాడే సాధనాల్లో ప్రసిద్ధమైన జొటెరోను 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయానికి చెందిన చరిత్ర పరిశోధన కేంద్రం విడుదల చేసింది. వైద్యులు వాడుతున్న ఈ సాధనం మానవీయ శాస్త్రాల పరిశోధకుల అవసరం నుండి పుట్టిందన్నమాట. ‘పేపర్స్’ 2007లో, మెండెలీ 2008లో వచ్చాయి. 2013లో మెండెలీని ఎల్సెవియర్ ప్రచురణ సంస్థ కొనుగోలు చేసింది. 2022లో వచ్చిన జొటెరో ఆరవ రూపంతో పాటు ఐప్యాడ్‌లోనూ చదివి గీతలు గీసుకొనే సౌకర్యం ఏర్పడింది.

ఈ సాధనాలు చేసే పనులను మూడుగా విభజించవచ్చు. మొదటిది సేకరణ: పబ్‌మెడ్ వంటి సూచీల నుండి వ్యాసాన్ని, దాని రచయిత, సంవత్సరం, డీఓఐ వివరాలతో తెచ్చుకోవడం. రెండవది పఠనం: గీత గీయడం, పక్కన రాసుకోవడం. మూడవది అమరిక: ఫోల్డర్లు, ట్యాగులు, వెతుకులాట. సేకరణలో యంత్రం దాదాపు స్వయంగా పనిచేస్తుంది. మిగిలిన రెండింటిలో పాఠకుడి భాష ప్రవేశిస్తుంది. విమర్శ అవసరమయ్యేది అక్కడే.

4. పఠనం: గీతకూ వ్యాఖ్యకూ మధ్య భేదం

తెరమీద వేలితో రంగు పులమడం చాలా తేలిక. తేలికైన పని ఎక్కువగా జరుగుతుంది. అభ్యసన పద్ధతులను పరిశీలించిన డన్లోస్కీ బృందం 2013లో ప్రకటించిన సమీక్షలో కేవలం గీతలు గీయడాన్ని తక్కువ ప్రయోజనం గల పద్ధతుల్లో చేర్చింది. కాగితం, తెర పఠనాలను పోల్చిన 54 అధ్యయనాలను క్రోడీకరించి డెల్గాడో బృందం 2018లో ప్రకటించిన విశ్లేషణ, సమాచార ప్రధానమైన పాఠాల విషయంలో, ముఖ్యంగా గడువు ఒత్తిడి ఉన్నప్పుడు, కాగితం వైపే మొగ్గు చూపింది. వైద్యపత్రికా వ్యాసం సమాచార ప్రధానం. దాన్ని చదివే వైద్యుడికి తీరిక తక్కువ. అంటే తెర పఠనం బలహీనపడే పరిస్థితులు రెండూ ఇక్కడ కలుస్తున్నాయి.

దీనికి విరుగుడు ట్యాబ్‌ను వదిలేయడం కాదు. వందల వ్యాసాలను చేతిలో మోయగల సౌకర్యాన్ని కాదనలేం. విరుగుడు వ్యాఖ్యలో ఉంది. తెలుగు వ్యాఖ్యాన సంప్రదాయం పాఠాన్ని మూడు మెట్లలో విప్పింది: ప్రతిపదార్థం, అన్వయం, తాత్పర్యం. మెదక్ సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి ఆధారం లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని ప్రతిజ్ఞ చేసి కాళిదాసుకు వ్యాఖ్య రచించాడు. తెర అంచున రాసే రెండు వాక్యాలకు కూడా ఇంతకంటే మంచి నియమం దొరకదు.

ఉదాహరణకు బిస్సినోసిస్ మీద ఒక వ్యాసాన్ని తీసుకోవచ్చు. పత్తి, అవిసె, జనుము వంటి నారల దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల వ్యాధి ఇది. వారపు సెలవు ముగించుకొని పనిలోకి వెళ్ళిన రోజున ఛాతీ బిగపట్టినట్లు ఉండడం దీని ప్రసిద్ధ లక్షణం. ఆంగ్ల గ్రంథాలు దీన్ని ‘సోమవారం లక్షణం’గా చెబుతాయి. ఈ వాక్యం కింద పసుపు గీత గీస్తే లక్షణం గుర్తుంటుంది. సిరిసిల్లలో దానివల్ల ప్రయోజనం మాత్రం సందేహమే. అక్కడి సాంచాల మీద పాలిస్టర్ గుడ్డ అధికం, నూలు గుడ్డ కొంత. కాబట్టి వ్యాఖ్య అడగవలసిన ప్రశ్నలు ఇవి: ఈ మనిషి సాంచ మీద ఉన్నది నూలా, పాలిస్టరా? అతడు సాంచ నడుపుతాడా, వార్పిన్ పనిలో ఉన్నాడా? అతడి సెలవు ఏ రోజు? ఆదివారం సెలవు లేని చోట సోమవారం గురించి అడిగితే జవాబుకు అర్థం ఉండదు. గీత పాఠంలోని వాక్యాన్ని చూపుతుంది. వ్యాఖ్య ఆ వాక్యాన్ని ఎదుటి మనిషికి అన్వయిస్తుంది. ‘అన్వయం’ అనే పాత మాటకు ఇక్కడ కొత్త బాధ్యత ఏర్పడుతుంది.

మరొక సంగతి కూడా గమనార్హం. వైద్యవ్యాసానికి ప్రవేశిక, పద్ధతి, ఫలితాలు, చర్చ అనే నాలుగు అంగాల నిర్మాణం స్థిరపడింది. యాప్‌ల జాబితాలో పాఠకుడికి మొదట ఎదురయ్యేది సంగ్రహం. ఎవరిని అధ్యయనం చేశారు, ఏ వృత్తివారిని, ఎన్నేళ్ళు అనే వివరాలు పూర్తిగా ఉండేది పద్ధతి విభాగంలో. సంగ్రహంతో చదువు ఆగిపోతే అన్వయానికి కావలసిన ముడిసరుకే చేతికందదు.

5. అమరిక: ఫోల్డరు, ట్యాగు, ‘దమ్ము’

వ్యాసాలను దాచుకొనే వైద్యవిద్యార్థి సాధారణంగా పాఠ్యాంశాల పేర్లతో ఫోల్డర్లు చేసుకొంటాడు: గుండె, ఊపిరితిత్తులు, రక్తం, ఎముకలు. పబ్‌మెడ్ సూచీకి వెన్నెముక అయిన ‘మెష్’ పదావళి 1960 నుండి ఉంది. అది ఎంతో శాస్త్రీయమైనది, ఏటేటా సవరణకు లోనవుతున్నది. కాని ఈ రెండు వర్గీకరణలూ రోగం పేరు తెలిసినవాడికి ఉపయోగపడేవి. రోగి తెచ్చేది రోగం పేరు కాదు, బాధ పేరు.

తెలంగాణలో ఊపిరి ఆడకపోవడాన్ని ‘దమ్ము వస్తున్నది’ అంటారు. ఉబ్బసంలో దమ్ము ఉంటుంది, గుండె బలహీనపడినప్పుడు ఉంటుంది, రక్తహీనతలో ఉంటుంది, దుమ్ము వల్ల దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లోనూ ఉంటుంది. బీడీలు చుట్టే స్త్రీ ‘నడిస్తే దమ్ము’ అని చెప్పినప్పుడు పొగాకు, ఊపిరితిత్తులు ముందుగా గుర్తుకు రావడం సహజం. ఆ దమ్ముకు మూలం రక్తహీనత కావచ్చు. నాలుగు ఫోల్డర్లలో విడివిడిగా ఉన్న వ్యాసాలు ఆ క్షణంలో ఒకదానికొకటి కనబడవు. ‘దమ్ము’ అనే ఒక్క తెలుగు ట్యాగు వాటిని ఒకచోట నిలుపుతుంది.

గ్రంథాలయ శాస్త్రంలో దీనికి దారి చూపినవాడు ఎస్.ఆర్. రంగనాథన్. 1931లో ప్రకటించిన పంచసూత్రాల్లో పాఠకుడి సమయాన్ని కాపాడాలన్నది ఒకటి. 1933లో వెలువడిన ఆయన కోలన్ వర్గీకరణ ఒక విషయాన్ని ఒకే అరలో బంధించకుండా దాని ముఖాలను విడదీసి తిరిగి కలిపే వీలు కల్పించింది. యాప్‌లలోని ఫోల్డరు పాత అర వంటిది. ట్యాగు రంగనాథన్ ముఖానికి దగ్గరగా ఉంటుంది. ఒకే వ్యాసానికి ‘దమ్ము’ అనే బాధ, ‘బీడీ’ అనే వృత్తి, ‘స్త్రీలు’ అనే వర్గం మూడూ సూచికలు కాగలవు. పశువుల నుండి మనుషులకు సోకే బ్రూసెల్లోసిస్ మీది వ్యాసం కోరుట్ల పశువైద్య విద్యార్థికీ జగిత్యాల వైద్య విద్యార్థికీ సమానంగా అవసరం. ‘పాడి’ అనే వృత్తి సూచిక ఇద్దరినీ ఒకే వ్యాసం దగ్గరికి చేర్చగలదు.

ఇటువంటి సూచికలకు తెలుగులో పునాది లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం, 1971లో చేనేత సంపుటం పనివారి నోటి నుండి మాటలు సేకరించే శాస్త్రీయ పద్ధతిని నెలకొల్పాయి. చేనేత పదాల సేకరణ జరిగినట్లే సాంచాల పనివారి బాధల పదాలు, బీడీ పనివారి బాధల పదాలు సేకరించవలసి ఉంది. ఇది తెలుగు శాఖలూ వైద్య కళాశాలలూ కలిసి చేయదగిన పని.

6. అన్వేషణ: శరీరాంగాలు, ఔపవిభక్తికాలు

తెలుగులో ట్యాగులు, వ్యాఖ్యలు రాసినంత మాత్రాన సమస్య తీరదు. రాసినది మళ్ళీ దొరకాలి. యూనికోడ్‌లో తెలుగు 1991 నుండి ఉంది. ట్యాబ్‌లో తెలుగు టైపు చేయడం ఇప్పుడు కష్టం కాదు. అక్షరం పక్కన అక్షరం పోల్చి చూసే యంత్రానికి తెలుగు పదరూపాలే కష్టం.

ఆంగ్లంలో కంటిని సూచించే మాట వాక్యంలో ఎక్కడ ఉన్నా దాదాపు ఒకే రూపంలో ఉంటుంది. తెలుగులో ‘కన్ను’ ఉంది, ‘కంటి’ ఉంది, ‘కళ్ళు’ ఉంది. ‘పన్ను, పంటి, పళ్ళు’, ‘నోరు, నోటి’, ‘గోరు, గోటి, గోళ్ళు’, ‘చేయి, చేతి, చేతులు’ కూడా ఇటువంటివే. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలుగా వివరించిన పదాల్లో శరీరాంగాల పేర్లు ప్రముఖంగా కనిపిస్తాయి. వైద్యానికి అత్యవసరమైన మాటలే తెలుగులో రూపం మార్చుకొంటున్నాయి. ‘కన్ను’ అని వెతికితే ‘కంటి మంట’ అని రాసుకున్న వ్యాఖ్య దొరకదు. ‘కీలు’ అని వెతికితే ‘కీళ్ళ నొప్పి’ దొరకదు. ‘కీళ్ళు’, ‘కీళ్లు’ అనే రెండు లేఖన పద్ధతులు యంత్రానికి రెండు వేర్వేరు మాటలు. ‘గుండెజబ్బు’ కలిపి రాస్తే ఒకటి, విడదీసి రాస్తే మరొకటి.

చేతిరాత వ్యాఖ్యల స్థితి ఇంకా బలహీనం. పెన్నుతో తెర మీద రాసిన తెలుగు పీడీఎఫ్‌లో గీతల బొమ్మగా నిలుస్తుంది, అక్షరంగా కాదు. పాత తెలుగు ఆరోగ్య కరపత్రాలు, పుస్తకాలు అను వంటి యూనికోడేతర ఖతులతో కూర్చినవైతే, తెరమీద చక్కని తెలుగు కనబడుతున్నా లోపల ఉన్నది వేరే సంకేతాలు. వాటిలో తెలుగు మాటను వెతికితే ఫలితం శూన్యం. ఆంగ్ల వ్యాసం, దానికి సంబంధించిన తెలుగు కరపత్రం ఒకే ట్యాబ్‌లో ఉన్నా ఒకటి దొరుకుతుంది, మరొకటి దొరకదు. దొరికే భాషలోనే ఆలోచించడానికి పాఠకుడు క్రమంగా అలవాటు పడతాడు. తెలుగు వైద్యభాష వెనుకబాటుకు పరిభాష కొరతను మాత్రమే కారణంగా చూపే వాదం ఈ అంశాన్ని విస్మరిస్తున్నది.

ప్రస్తుతానికి ఉన్న పరిష్కారం సూచికలను ప్రథమైకవచన రూపంలోనే టైపు చేయడం: కన్ను, కీలు, చేయి, దమ్ము. నిఘంటుకర్తలు ఆరోపాలకు పాటించే నియమమే ఇది. శాశ్వత పరిష్కారం ఔపవిభక్తిక రూపాలను గుర్తించే పదవిశ్లేషకాన్ని వెతుకులాటతో జోడించడం. అందుకు కావలసిన వ్యాకరణ జ్ఞానం తెలుగు శాఖల్లో ఉంది.

7. పాఠం నిలకడ: పాఠాంతరం, ఉపసంహరణ

సి.పి. బ్రౌన్ ఒక కావ్యానికి పలు ప్రతులు సేకరింపజేసి పండితుల చేత పాఠాలు పోల్చి చూపించాడు. ఒక్క ప్రతిని నమ్మరాదన్నది పరిష్కరణ శాస్త్రంలో మొదటి పాఠం. వైద్యవ్యాసానికీ పాఠాంతరాలున్నాయి: సమీక్షకు ముందు ప్రతి, ప్రచురిత ప్రతి, సవరించిన ప్రతి. ఇవిగాక పూర్తి ఉపసంహరణ కూడా ఉంది. కోవిడ్ రోగుల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడకం మీద లాన్సెట్ పత్రిక 2020 మే 22న ప్రచురించిన వ్యాసం జూన్ 4న ఉపసంహరణకు గురైంది. మధ్యలో గడిచినవి పదమూడు రోజులు. ఆ రోజుల్లో ట్యాబ్‌లోకి దించుకొన్న పీడీఎఫ్‌లో ఒక్క అక్షరం కూడా తనంతట మారదు. జొటెరో 2019 నుండి ఉపసంహృత వ్యాసాలను గుర్తించి హెచ్చరిస్తున్నది. విడి ఫైళ్ళుగా దాచుకొన్న వ్యాసాలకు ఆ రక్షణ లేదు. ఫోల్డర్లో ఉన్నంత మాత్రాన పాఠం ప్రామాణికం కాదు.

పాఠంలాగే సాధనానికీ నిలకడ లేదు. మెండెలీ తన మొబైల్, ట్యాబ్ యాప్‌లను 2021 మార్చిలో ఉపసంహరించింది. వ్యాఖ్యలను వేరే సాధనంలోకి తీసుకుపోగల రూపంలో ఉంచుకోవడం అందువల్ల అవసరం. తాటాకు శిథిలమయ్యేలోపు తిరగరాసుకొన్న లేఖకుల జాగ్రత్త ఈ కాలానికీ వర్తిస్తుంది. మరొక జాగ్రత్త గోప్యతకు సంబంధించినది. యాప్‌లోని వ్యాఖ్యలు సాధారణంగా దూరాన ఉన్న సర్వర్లకు చేరతాయి. వ్యాఖ్యలో వృత్తి, బాధ, ప్రశ్న ఉండవచ్చు. రోగి పేరు, ఊరు, ఇంటి గుర్తు ఉండరాదు.

8. ముగింపు

పై పరిశీలన నుండి తేలిన అంశాలు ఇవి.

1. ట్యాబ్ యాప్‌లు వ్యాస సేకరణ భారాన్ని తగ్గించాయి. చదివి అన్వయించే భారం పాఠకుడి మీదే ఉంది. రంగు గీత వ్యాఖ్యకు ప్రత్యామ్నాయం కాదు.

2. ఫోల్డరు పాఠ్యపుస్తకం వరుసను అనుసరిస్తుంది. రోగి మాట ఆ వరుసలో ఇమడదు. బాధ, వృత్తి అనే రెండు ముఖాలతో తెలుగు ట్యాగులు ఉన్నప్పుడు ఆంగ్ల వ్యాసం సిరిసిల్ల సాంచాల పనివాడికి, కోరుట్ల బీడీ శ్రామికురాలికి ఉపయోగపడే అవకాశం పెరుగుతుంది.

3. శరీరాంగాల పేర్లు తెలుగులో రూపం మార్చుకొంటాయి కాబట్టి సాధారణ అక్షరాన్వేషణ చాలదు. సూచికలను ప్రథమైకవచనంలో, ఒకే లేఖన పద్ధతిలో టైపు చేయాలి. చేతిరాతను మాత్రమే నమ్ముకోరాదు.

4. దాచిన ప్రతిని వాడే ముందు దాని ప్రస్తుత స్థితిని సరిచూడాలి. వ్యాఖ్యలకు మరో ప్రతి ఉంచుకోవాలి.

5. మాండలిక వృత్తిపదకోశం బాటలో బాధల పదకోశం ఒకటి సిద్ధం కావాలి. జగిత్యాల, సిరిసిల్ల వైద్య కళాశాలలు, కోరుట్ల పశువైద్య కళాశాల, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు దీనికి పూనుకోదగినవి.

పదకోశం పూర్తయ్యేదాకా ఆగవలసిన పని లేదు. ‘దమ్ము’ అనే మాటను ఈరోజే ఒక ట్యాగుగా చేర్చవచ్చు. ఆ మాట విన్న వైద్యుడికి రక్తహీనత వ్యాసం కూడా తెర మీద కనబడితే, ఎదుట కూర్చున్న రోగిని అడగవలసిన మరో ప్రశ్న ఆయనకు గుర్తుకు వస్తుంది. తెలుగు సూచిక నుండి ఆశించదగిన మొదటి ఫలితం ఆ ప్రశ్నే.